హెవీ లైసెన్సు పరీక్ష మొక్కుబడి కారాదు

కాగితం చేతికి వస్తే చాలదు, బండి చేతికి రావాలి

పొన్నూరు : ధాన్యం మిల్లులకు చేరే రోజుల్లోనూ, మిర్చి టిక్కీలు గుంటూరు యార్డుకు తరలే రోజుల్లోనూ ఈ ప్రాంతంలో లారీకి ఉండే గిరాకీ అందరికీ తెలిసినదే. డెల్టా బియ్యం, పల్నాడు పత్తి, మిర్చి, మార్టూరు, బల్లికురవ ప్రాంతాల గ్రానైటు కదలాలంటే లారీ కావాలి. లారీ కదలాలంటే డ్రైవరు కావాలి. పొలం చాలని ఇళ్లలోని కుర్రవాళ్లు క్లీనర్లుగా చేరి, నాలుగైదేళ్లు బండి వెంట తిరిగి, చివరకు ‘హెవీ’ చేయించుకొని స్టీరింగు పట్టడం ఇక్కడ ఎంతో కాలంగా ఉన్న దారి.

ఆ దారిలో గట్టిగా నిలిపి అడిగే మెట్టు ఒక్కటే. అది రవాణా శాఖ వారి డ్రైవింగు పరీక్ష. జనం ‘బ్రేక్ ఇన్‌స్పెక్టరు’ అని పిలుచుకునే మోటారు వాహనాల తనిఖీ అధికారి ‘ఇతను లారీ నడపగలడు’ అని తేల్చవలసిన కొద్ది నిమిషాలు అవి. ఆ నిమిషాలు సక్రమంగా గడిచాయా, మొక్కుబడిగా గడిచాయా అన్న దానిపై కుర్రవాడి బతుకు, బండి యజమాని ఆస్తి, రోడ్డున పోయే వారి ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి. కాని మన ఊళ్లలో హెవీ లైసెన్సు మాట వస్తే ‘ఎంత అవుతుంది, ఎన్నాళ్లు పడుతుంది’ అని అడిగేవారే తప్ప ‘ఏమేమి నేర్చుకోవాలి’ అని అడిగేవారు అరుదు.

చట్టం ఏమంటున్నది?

1988 నాటి మోటారు వాహనాల చట్టం, దానిని అనుసరించి 1989లో వచ్చిన కేంద్ర నిబంధనలు ఈ విషయంలో స్పష్టంగానే ఉన్నాయి. రవాణా వాహనం నడపడానికి 20 ఏళ్లు నిండాలి. అంతకుముందు కనీసం ఒక సంవత్సరం పాటు తేలికపాటి మోటారు వాహనం లైసెన్సు ఉండి ఉండాలి. అంటే కారు లేదా జీపు లైసెన్సు లేనివాడు నేరుగా లారీకి ఎల్.ఎల్.ఆర్. తీసుకోవడం కుదరదు. ఎల్.ఎల్.ఆర్. వచ్చిన 30 రోజుల తరువాతనే పరీక్షకు వెళ్లాలి. అది ఆరు నెలలు చెల్లుతుంది. ఆ కాలంలో బండికి ముందూ వెనుకా ‘ఎల్’ బోర్డు ఉండాలి, పక్కన లైసెన్సు ఉన్నవాడు కూర్చోవాలి.

వీటితోపాటు వైద్యుని ధ్రువపత్రం ఉండాలి. గుర్తింపు పొందిన డ్రైవింగు స్కూలు ఇచ్చే 5వ నంబరు ఫారం కూడా జతచేయాలి. కారు లైసెన్సుకు స్కూలు ధ్రువపత్రం లేకున్నా సాగవచ్చు గాని, రవాణా వాహనానికి అది తప్పనిసరి. ఇదివరలో ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న నియమం ఉండేది. దానివల్ల పని వచ్చినా చదువు లేక ఆగిపోయినవారు చాలామంది. 2019లో కేంద్రం ఆ నియమాన్ని తొలగించింది. అదే సంవత్సరం చేసిన చట్ట సవరణతో రవాణా లైసెన్సు చెల్లుబాటు మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెరిగింది.

చదువు షరతు పోవడం పేదవారికి మేలు చేసింది. అయితే కాగితం మీది అర్హత తగ్గినప్పుడు చేతి పనిని చూసే పరీక్ష మరింత గట్టిగా ఉండాలి. లేకుంటే రెండు వడపోతలూ పోయినట్లే అవుతుంది.

పరీక్షలో చూడవలసినవి

కేంద్ర నిబంధనల్లో 15వది డ్రైవింగు పరీక్షకు సంబంధించినది. అభ్యర్థి ఏమేమి చేసి చూపాలో అందులో వరుసగా రాసి ఉన్నది. ఇంజను వేయకముందే అద్దం సరిచేసుకోవడం, తగిన జాగ్రత్తలు తీసుకోవడం మొదటిది. బండిని కుదుపు లేకుండా కదిపి, ఒక్కొక్క గేరూ వేస్తూ చివరి గేరు దాకా పోవాలి. అవసరమైనప్పుడు వెంటనే కింది గేర్లకు దిగాలి. పల్లంలో దిగేటప్పుడు కింది గేరులోకి మార్చాలి. ఎగువలో బండిని ఆపి, హ్యాండు బ్రేకు సాయంతో వెనక్కి జారకుండా మళ్లీ కదపాలి. మలుపులు, ఎదురు బండిని తప్పించడం, ముందున్న బండిని దాటడం, చేతి సంకేతాలు, అవసరం పడితే చప్పున ఆపడం చూడాలి. రివర్సులో కుడికో ఎడమకో ఉన్న ఇరుకు దారిలోకి బండిని చేర్చడం, ముందు వెనుక గేర్లతో బండిని పూర్తిగా వెనుతిప్పడం కూడా ఇందులో ఉన్నాయి.

ఈ జాబితా చదివితే ఇది తెలియని వారు కూర్చుని రాసింది కాదని అర్థమవుతుంది. రివర్సు సంగతే చూడండి. మిల్లు గేటులో, యార్డులో, జిన్నింగు మిల్లు కాటా దగ్గర లారీ డ్రైవరు రోజూ చేసే పని అదే. హమాలీలు, బస్తాలు, ఇతర లారీల మధ్య నుంచి బండిని వెనక్కి తీయడంలో పొరపాటు జరిగితే నలిగేది వెనుక నిలబడి ‘రానీ, రానీ’ అంటున్న క్లీనరు కుర్రవాడే.

పరీక్ష తప్పితే వారం తరువాత మళ్లీ హాజరు కావచ్చు. మూడుసార్లు తప్పితే మాత్రం చివరి పరీక్ష నుంచి 60 రోజులు ఆగాలి. 2016 డిసెంబరులో కేంద్రం నిర్ణయించిన రుసుములు చూస్తే ఎల్.ఎల్.ఆర్.కు 150, పరీక్షకు 300, లైసెన్సుకు 200 రూపాయలు. రాష్ట్ర సేవా రుసుములు వీటికి అదనం. పరీక్ష తప్పడం వల్ల పోయేది కొద్ది డబ్బు, కొద్ది రోజులు. పని రాకుండానే నెగ్గడం వల్ల పోయేదానికి లెక్క లేదు.

డెల్టా కుర్రవాడికి ఎగువ ఎక్కడిది?

ఇక ఆచరణకు వద్దాం. మొదటి చిక్కు బండి. ఏ తరగతి లైసెన్సు కోరితే ఆ తరగతి వాహనంపైనే పరీక్ష ఇవ్వాలి. స్లాటు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది గాని లారీ ఆన్‌లైన్‌లో దొరకదు కదా! క్లీనరు తన ఓనరును అడగాలి. ‘బాబాయ్, ఒక్క పూట బండి ఇప్పించు’ అంటే ‘సీజనులో బండి ఎట్లా ఆపమంటావురా?’ అన్న జవాబు రావడం సహజం. బండి ఒక పూట నిలిస్తే కిరాయి పోతుంది, నెల వాయిదా మాత్రం ఆగదు. దాంతో ఎక్కడో అరువు బండి చూసుకోవలసి వస్తుంది. ఒకే లారీ మీద ఒకరి తరువాత ఒకరు ఎక్కి దిగే పరిస్థితి అక్కడినుంచే పుడుతున్నది. తనకు అలవాటు లేని క్లచ్చు, గేర్లు ఉన్న బండిని కుర్రవాడు మొదటిసారి ముట్టుకునేది పరీక్ష రోజుననే.

రెండవ చిక్కు నేల. గుంటూరు నుంచి నారాకోడూరు, చేబ్రోలు మీదుగా పొన్నూరు, అక్కడినుంచి బాపట్ల దాకా నేల చాప పరచినట్లు చదునుగా ఉంటుంది. కాలువ వంతెనల దగ్గర ఎక్కే కొద్దిపాటి ఎత్తే ఇక్కడి ఎగువ. నిబంధన అడుగుతున్నది మాత్రం నిటారు ఎగువలో ఆపి మళ్లీ కదపడం. ఇక్కడ అద్దెబండి మీద నేర్చుకున్న కుర్రవాడు తొలి దూరపు ట్రిప్పుకు గిద్దలూరు దాటి నంద్యాల వైపు నల్లమల ఘాట్ ఎక్కవలసి రావచ్చు. దిగేటప్పుడు కింది గేరు వేసి ఇంజనుతో బండిని పట్టుకోవాలన్నది తెలియక బ్రేకు మీదనే కాలు ఉంచితే బ్రేకులు వేడెక్కి పట్టు వదులుతాయి. ఆ సంగతి పరీక్షలో తెలియాలా, ఘాట్ మలుపులో తెలియాలా?

మూడవ చిక్కు ఆ 5వ నంబరు ఫారం. రవాణా వాహనాల శిక్షణ 30 రోజులకు తగ్గరాదని, అందులో స్టీరింగు పట్టి నడిపిన సమయం 15 గంటలకు తగ్గరాదని నిబంధనలు చెబుతున్నాయి. శిక్షణ లేకుండానే ధ్రువపత్రం చేతికి వస్తున్నదన్న ఆరోపణ దేశంలో చాలా చోట్ల ఏళ్ల తరబడి వినిపిస్తున్నదే. శ్రద్ధగా నేర్పే స్కూళ్లు లేకపోలేదు. కాని ‘ఫారం ఇప్పిస్తే చాలు’ అని అడిగే అభ్యర్థి, ‘సరే’ అనే మధ్యవర్తి కలిసినప్పుడు ఆ 15 గంటలూ కాగితం మీదనే గడిచిపోతాయి.

ఖాళీ బండి, నిండు బండి

అన్నిటికంటె పెద్ద లోపం మరొకటి ఉన్నది. పరీక్షకు వచ్చే లారీ సాధారణంగా ఖాళీ లారీ. ట్రాకులో నెమ్మదిగా నడుస్తుంది. పగటి పూట నడుస్తుంది. కాని డ్రైవరు జీవితమంతా నిండు బండితోనే, అందులో సగం రాత్రులే.

2018 జూలైలో కేంద్రం ఇరుసు బరువు పరిమితులను పెంచింది. రెండు ఇరుసుల లారీకి బండి, సరుకు కలిపి 16.2 టన్నులుగా ఉన్న పరిమితి 18.5 టన్నులయింది. మూడు ఇరుసుల లారీకి 25 నుంచి 28.5 టన్నులకు చేరింది. ఖాళీ లారీ బరువు ఇందులో సుమారు మూడో వంతే. ఖాళీ బండిని ఆపిన చోట నిండు బండి ఆగుతుందనుకోవడం పొరపాటు.

లెక్క చూద్దాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. ముందు గేదె అడ్డం వచ్చిందని కన్ను చూసి, కాలు బ్రేకు మీదికి చేరేలోపే ఆ దూరం గడిచిపోతుంది. బ్రేకు పట్టిన తరువాత పోయే దూరం వేరే. వేగం రెట్టింపయితే ఆ దూరం నాలుగింతలవుతుంది. మన రోడ్ల మీద కోతల కాలంలో ఆరబోసిన ధాన్యం, వెనుక దీపం లేని ట్రాక్టరు ట్రక్కులు, చీకట్లో నిలిపిన బండ్లు ఉంటాయన్నది మరువరాదు. ఈ తప్పులో గ్రామస్థులకూ పాలు ఉన్నది.

సరుకును బట్టి కూడా బండి నడక మారుతుంది. మిర్చి, పత్తి తేలిక సరుకులు కనుక ఎత్తుగా వేస్తారు. మలుపులో బండి పక్కకు వాలుతుంది. గ్రానైటు దిమ్మె తొట్టిలో కొంచెమే చోటు తీసుకుంటుంది గాని కట్టు సరిగా లేకుంటే బ్రేకు వేసినప్పుడు ముందుకు జరుగుతుంది. ఈ తేడాలు క్లీనరుగా తిరిగినవాడు కొంతవరకు చూసి నేర్చుకుంటాడు. లారీ ఎక్కకుండా నేరుగా లైసెన్సు తెచ్చుకున్నవాడికి చెప్పేవారుండరు.

యూరప్ దేశాల నిబంధనల ప్రకారం భారీ లారీ లైసెన్సు పరీక్షకు తెచ్చే బండి అసలు బరువు కనీసం 10 టన్నులు ఉండాలి. బ్రిటన్‌లో ఇందుకోసం నీళ్లు నింపిన పెద్ద తొట్లను లారీలో ఎక్కించి పరీక్ష పెడతారు. ఇది డబ్బు పోసి చేయవలసిన గొప్ప ఏర్పాటేమీ కాదు. నీళ్ల తొట్లు మన దగ్గరా ఉన్నాయి. ఆలోచనే కావాలి.

చిన్న బండికి వేరు, లారీకి వేరు

ఈ మధ్య గ్రామాల్లో ఒక అపోహ ప్రబలింది. ‘సుప్రీంకోర్టు చెప్పింది, ఇక హెవీ అక్కర్లేదు’ అన్నది దాని సారాంశం. అసలు సంగతి అది కాదు. 2024 నవంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పు ప్రకారం, తేలికపాటి వాహనం లైసెన్సు ఉన్నవారు మొత్తం బరువు 7,500 కిలోలకు మించని సరుకు బండిని వేరే అనుమతి లేకుండా నడపవచ్చు. అంటే కూరగాయలు, ఎరువు బస్తాలు వేసుకొని తిరిగే టాటా ఏస్ వంటి చిన్న బండ్లకు కారు లైసెన్సు సరిపోతుంది. గ్రామాల్లో కిరాయికి తిప్పుకునే వారికి ఇది పెద్ద ఊరట. ప్రమాదకరమైన సరుకులు మోసే బండ్లకు ఈ వెసులుబాటు వర్తించదు.

7,500 కిలోలు దాటితే మాత్రం రవాణా లైసెన్సు ఉండి తీరాలి. లారీ ఆ హద్దుకు ఎంతో పైన ఉంటుంది. ట్రాక్టరు నడపడం వచ్చు కదా అని అర్ధరాత్రి లారీ మార్చి పట్టుకునే కుర్రవాళ్లు ఈ తేడాను గుర్తించాలి.

నష్టం ఎవరి నెత్తిన?

సరైన లైసెన్సు లేకుండా నడిపితే 2019 సవరణ ప్రకారం 5,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. లైసెన్సు లేనివానికి బండి ఇచ్చిన యజమానికీ ఇదే వర్తిస్తుంది. ప్రమాదం జరిగితే దెబ్బ ఇంతటితో ఆగదు. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం, బీమా కంపెనీ బాధితునికి ముందుగా పరిహారం చెల్లించి, యజమాని తప్పు రుజువైతే ఆ సొమ్మును అతని నుంచి రాబట్టుకోవచ్చు. ఒకటి రెండు లారీలున్న చిన్న యజమానికి ఆ సొమ్ము అంటే పొలం, ఇల్లు పోయినట్లే. డ్రైవరును పెట్టుకునే ముందు లైసెన్సు ఒరిజినల్ చూడటం, ఆన్‌లైన్‌లో సరిచూసుకోవడం, దగ్గరుండి ఒక ట్రిప్పు నడిపించి చూడటం ఖర్చు లేని పనులు.

డ్రైవరు సంగతి మరీ కష్టం. నిర్లక్ష్యంతో ఒకరి మరణానికి కారణమైతే పాత శిక్షాస్మృతిలో రెండేళ్ల వరకే జైలు ఉండేది. 2024 జూలై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది అయిదేళ్ల దాకా పెరిగింది. ప్రమాదం చేసి పారిపోతే పదేళ్ల శిక్ష అన్న ఉపసెక్షన్‌పై 2024 జనవరిలో దేశమంతటా డ్రైవర్లు సమ్మె చేశారు. సంహితను అమలులో పెట్టినప్పుడు ఆ ఒక్క ఉపసెక్షన్‌ను ప్రభుత్వం ఆపింది. శిక్షలు పెరుగుతున్న దిశ మాత్రం స్పష్టమే. శిక్ష పెంచిన ప్రభుత్వం శిక్షణను కూడా అంతే పెంచిందా అని డ్రైవర్లు అడిగితే అది న్యాయమైన ప్రశ్నే.

ఉన్న దారులు

ప్రకాశం ప్రాంతంలోని దర్శిలో డ్రైవింగు శిక్షణ, పరిశోధన సంస్థ ఉన్నది. భారీ వాహనాలకు సరైన ట్రాకు, శిక్షణ అక్కడ లభిస్తాయి. ఆర్టీసీ కూడా కొన్ని చోట్ల భారీ వాహనాల శిక్షణ పాఠశాలలు నడుపుతున్నది. పొన్నూరు నుంచి దర్శి రోజూ పోయి వచ్చే దూరం కాదు. అయినా బతుకంతా చేయవలసిన పనికి కొద్ది వారాలు వెచ్చించడం దండుగ కాదు.

2021 జూలై 1 నుంచి గుర్తింపు పొందిన డ్రైవరు శిక్షణ కేంద్రాల నిబంధనలు అమలులోకి వచ్చాయి. మైదాన ప్రాంతంలో అటువంటి కేంద్రానికి రెండెకరాల స్థలం, సిమ్యులేటరు, పరీక్ష ట్రాకు ఉండాలి. భారీ వాహనాల శిక్షణ ఆరు వారాల్లో 38 గంటలు. అందులో బండి మీద నేర్చుకునే గంటలూ ఉన్నాయి. అక్కడ నెగ్గినవారికి రవాణా కార్యాలయంలో మళ్లీ పరీక్ష ఉండదు. 2024 జూన్ నుంచి ఇక రవాణా కార్యాలయాల్లో పరీక్షలే ఉండవని ప్రచారం సాగగా, అటువంటి మార్పేదీ లేదని కేంద్రం వివరణ ఇచ్చింది. లైసెన్సు ఇచ్చే అధికారం రవాణా శాఖదే.

ప్రైవేటు కేంద్రమే నేర్పి ప్రైవేటు కేంద్రమే నెగ్గినట్లు రాసిచ్చే పద్ధతిలో మేలూ ఉన్నది, ముప్పూ ఉన్నది. మంచి ట్రాకు, మంచి బండి దొరకడం మేలు. తనిఖీ లేకుంటే 5వ నంబరు ఫారానికి పట్టిన గతే దీనికీ పట్టడం ముప్పు.

చేయవలసినవి

రవాణా శాఖ వారు భారీ వాహనాల పరీక్షకు వారంలో ఒక రోజు కేటాయించి, నిర్ణీత బరువు వేసిన లారీని అద్దెకైనా అక్కడే అందుబాటులో ఉంచితే బండి దొరకని చిక్కు, ఖాళీ బండి లోపం రెండూ ఒకేసారి తీరుతాయి. అభ్యర్థి నుంచి దానికి తగిన రుసుము తీసుకున్నా ఎవరూ కాదనరు. ప్రతి ట్రాకులోనూ ఎగువ దిమ్మె కట్టించడం, డ్రైవింగు స్కూళ్లలో 15 గంటల లెక్కను రికార్డు పుస్తకంతో సరిచూడటం కష్టమైన పనులు కావు. లారీ యజమానుల సంఘాలు సీజను లేని నెలల్లో తమ క్లీనర్లకు ఒక బండి కేటాయించి, అనుభవం ఉన్న డ్రైవరుతో నేర్పించవచ్చు. రేపు తమ బండి నడపవలసినవారు వారే.

కుర్రవాళ్లకు చెప్పవలసింది ఒక్కటే. పరీక్షకు వెళ్లే ముందు ఒకసారి నిండు బండిని ఎగువలో ఆపి కదిపి చూడండి. మిల్లు గేటులోకి ఒక్క పోటులో రివర్సు చేసి చూడండి. పక్కన ఉన్న డ్రైవరు మామయ్య ‘ఇక పోవచ్చురా’ అన్న తరువాతనే స్లాటు తీసుకోండి. ఇవి రాకపోతే వారం ఆగండి. లైసెన్సు వారం ఆలస్యమైనా అయిదేళ్లు పని చేస్తుంది.

ఇంటి దగ్గర ఎదురు చూసేవాళ్లున్నారు. బండి తిరిగి రావడమే కాదు, నడిపినవాడు తిరిగి రావాలి. అధికారులు, యజమానులు, తల్లిదండ్రులు ఈ విషయమై శ్రద్ధ వహించవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.